కమోడ్ కొనే ముందు గోడ నుంచి కొలవండి

అమెరికాలో పాత ఇల్లు కొనుక్కున్న మన వరంగల్, కరీంనగర్ పిల్లలు నన్ను తరచూ అడిగే సందేహం ఒకటుంది: బాత్రూంలోని పాత కమోడ్ తీసేసి కొత్తది పెట్టాలంటే ఏ కంపెనీది మంచిది? కంపెనీ సంగతి తర్వాత చూద్దాం. గోడకూ, నేలలోని డ్రైనేజీ పైపుకూ మధ్య ఎంత దూరముందో కొలిచారా అన్నది నా ఎదురు ప్రశ్న.

హన్మకొండలో ఇల్లు కట్టుకునేటప్పుడు ఈ లెక్క మన దాకా రాదు. ఎస్ ట్రాపా (పైపు నేలలోకి పోయేది), పీ ట్రాపా (గోడలోకి పోయేది) అని దుకాణదారే అడుగుతాడు. కుదరకపోతే మేస్త్రీ నేల తవ్వి పైపు జరుపుతాడు. ఇక్కడ అమెరికాలో పైపు జరపాలంటే కాంక్రీటునో, చెక్క నేలనో కోయించాలి, దానికయ్యే కూలి కమోడ్ ధరను మించిపోవచ్చు. కాబట్టి పైపుకు తగిన కమోడే కొనాలి.

పాత కమోడ్ కదపకుండానే కొలవవచ్చు. దాని అడుగున రెండు పక్కలా ఉన్న బోల్టుల మధ్యభాగం నుంచి వెనుక గోడ వరకు టేపు పెట్టండి. నాలుగు బోల్టులుంటే వెనుక జతనే లెక్కలోకి తీసుకోండి. గోడ అడుగున ఉండే చెక్క పట్టీ దగ్గర ఆగకుండా అసలు గోడ వరకు కొలవాలి. దీనిని ఇక్కడ రఫ్ ఇన్ అంటారు. ఎక్కువ ఇళ్లలో ఇది 12 అంగుళాలు, కొన్ని పాత ఇళ్లలో 10 లేదా 14. 14 ఉన్నచోట 12 అంగుళాలది పెడితే ట్యాంకు వెనుక ఖాళీ కనబడుతుందే తప్ప పని ఆగదు; 10 ఉన్నచోట మాత్రం ట్యాంకు గోడకు తగిలి కమోడ్ కూర్చోనే కూర్చోదు. పట్టీ నుంచి కొలిచి, ముప్పావు అంగుళం పొరబడి, బరువైన పెట్టెను మళ్లీ దుకాణానికి మోసిన అనుభవం నాకుంది.

తర్వాత ముందుభాగం చూడాలి. గుండ్రని బేసిన్ కన్నా పొడుగుది సుమారు రెండు అంగుళాలు ముందుకు వస్తుంది, చిన్న బాత్రూంలో తలుపు దానికి తగలవచ్చు. కమోడ్ మధ్య నుంచి పక్క గోడకు కనీసం 15 అంగుళాలు, ఎదుట కనీసం 21 అంగుళాలు ఉండాలన్నది ఇక్కడ చాలాచోట్ల నిబంధన. కొన్నిచోట్ల ఎదుట 24 అడుగుతారు. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలు ఉండేటట్లయితే, మోకాళ్ల నొప్పులను దృష్టిలో పెట్టుకొని 17 నుంచి 19 అంగుళాల ఎత్తున్నది చూడండి, మామూలుది 15 దగ్గరే ఉంటుంది.

పక్కలు మూసి ఉన్న నున్నటి నమూనా మీద మనసు పడితే, గోడలోంచి వచ్చే నీళ్ల వాల్వు దానికి అడ్డొస్తుందేమో కూడా కొలవండి. మన అలవాటు ప్రకారం హెల్త్ ఫాసెట్ బిగించుకుంటే, నీటిని రెండు దారులుగా చీల్చే దాని టీ జాయింటుకూ అక్కడే చోటు కావాలి.

పాత కమోడ్ లేపితే పైపుతో కలిసేచోట లీకు కాకుండా ఉండే కింది మైనపు రింగు మళ్లీ పనికిరాదు, కొత్తది కొనండి. ముందురోజే ఆ నీళ్ల వాల్వు మూసి, ఫ్లష్ చేసి, ట్యాంకులోకి నీరు మళ్లీ వస్తుందేమో చూడండి. వస్తే కొత్త వాల్వునూ కొనాల్సిన వస్తువుల జాబితాలో రాసుకోండి.