హైతీ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: హైతీ కటిక పేద దేశం కదా. అక్కడి గ్యాంగులకు అంత డబ్బు, అన్ని తుపాకులు ఎలా వస్తున్నాయి? (తెనాలి పాఠకురాలు)

జవాబు: దేశం ఎంత పేదదైనా సరుకు కదలక తప్పదు. రాజధాని పోర్టోప్రిన్స్ నుంచి దక్షిణాదికి వెళ్లే రెండో నంబరు జాతీయ రహదారి మార్తిసాన్ పేట మీదుగా పోతుంది. 2021 జూన్ నుంచి ఆ పేట గ్యాంగుల గుప్పిట్లో ఉంది. బస్సయినా, బియ్యం లారీ అయినా డబ్బు కట్టందే కదలదు. ఆ మామూలంతా చివరికి బియ్యం ధర మీదే పడుతుంది.

ఇంకో రాబడి కిడ్నాపులు. 2021 అక్టోబరులో 400 మావోజో అనే ముఠా మిషనరీలు, వాళ్ల కుటుంబాలు కలిపి 17 మంది విదేశీయులను ఎత్తుకెళ్లి తలకు పది లక్షల డాలర్లు అడిగింది.

తుపాకులు హైతీలో తయారుకావు. ఎక్కువగా అమెరికా నుంచి, ముఖ్యంగా ఫ్లోరిడా నుంచి వస్తాయి. అక్కడ తుపాకి కొనడానికి అర్హత ఉన్నవాళ్లతో దుకాణాల్లో కొనిపిస్తారు. వాటిని పీపాల్లో ఇంటి సామాను కింద దాచి ఓడెక్కిస్తారు. మావోజో నాయకుడొకడు హైతీ జైల్లో ఉంటూనే ఫోన్ మీద ఈ బేరాలన్నీ నడిపాడు. అమెరికా కోర్టులో నేరం ఒప్పుకున్నాడు కూడా.

వీళ్లను పెంచింది ఎవరంటారా? పేటల్లో ఓట్ల కోసం, ఎదుటివాళ్ల నోళ్లు మూయించడం కోసం రాజకీయ నాయకులూ, వ్యాపారులూ. ఏకు మేకయింది. 2022లో జీ9 ముఠా దేశంలోకెల్లా పెద్ద ఇంధన నిల్వ కేంద్రమైన వరో టెర్మినల్ చుట్టూ కందకాలు తవ్వి వారాల తరబడి దిగ్బంధిస్తే, డీజిల్ లేక ఆసుపత్రులే మూతపడే స్థితి వచ్చింది.

ప్రశ్న: ఎన్నికలు పెట్టేస్తే పోదా? (కరీంనగర్ పాఠకుడు)

జవాబు: అక్కడ జాతీయ ఎన్నికలు జరిగింది 2016లో. 2021 జులై 7న అధ్యక్షుడు జొవెనెల్ మోయిజ్‌ను ఇంట్లోనే చంపేశారు. 2023 జనవరిలో, ఎన్నికైనవాళ్లలో చివరికి మిగిలిన పదిమంది సెనేటర్ల గడువూ ముగిసింది. బ్యాలట్ పెట్టెలు కూడా గ్యాంగుల గుప్పిట్లో ఉన్న ఆ దారుల్లోనే వెళ్లాలి కదా! 2025 నాటికి ఇళ్లు వదిలిపోయినవాళ్లు 13 లక్షలు. వాళ్ల పేర్లు ఏ బూత్‌లో రాయాలన్నది మరో చిక్కు.

ప్రశ్న: కెన్యా పోలీసులు వెళ్లారుగా? (నెల్లూరు పాఠకుడు)

జవాబు: గ్యాంగులను అణచడంలో హైతీ పోలీసులకు సాయంగా 2024 జూన్‌లో వెళ్లారు. 2,500 మంది రావాల్సిన దళంలో వచ్చింది వెయ్యికి అటూఇటూ. డబ్బు ఐక్యరాజ్య సమితి బడ్జెట్‌ది కాదు, దేశాలు ఇష్టపడి ఇచ్చిన చందా. ఒక వీధిని విడిపించినా, అక్కడే కాపలా ఉండేందుకు మనుషులు చాలలేదు. అందుకే 2025 సెప్టెంబరులో భద్రతా మండలి 5,500 మందితో కొత్త దళానికి ఒప్పుకుంది.