ఉత్ప్రేరకం చర్యలో పాల్గొనదా?

ప్రశ్న: ఇథనాల్ ఆవిరిని 573 కెల్విన్ దగ్గర రాగి మీదుగా పంపితే ఎసిటాల్డిహైడ్, 623 కెల్విన్ దగ్గర అల్యూమినా మీదుగా పంపితే ఇథిలీన్ వస్తాయని మా పాఠంలో ఉంది. ఉత్ప్రేరకం చర్యలో పాల్గొనదు, వేగం మాత్రమే పెంచుతుందని ఇంకో పాఠంలో చదివాం. పాల్గొనకపోతే ఒకే ఆల్కహాల్ రెండు దారులు ఎలా పట్టింది?
– ఒక విద్యార్థిని

జవాబు: మీ సందేహమే నిజం, ఆ రెండో పాఠంలో మాటే తప్పు. ఉత్ప్రేరకం పాల్గొంటుంది. చివరికి మళ్లీ మొదటి రూపానికి వస్తుంది కాబట్టి ఖర్చు కాదు, అంతే. ఈ తేడా చెప్పకుండా పిల్లల చేత ఆ వాక్యాన్ని బట్టీ పట్టిస్తుంటే నాకు బాధేస్తుంది.

రాగి మీద ఇథనాల్ ఆక్సిజన్ వైపు నుంచి అతుక్కుంటుంది. ముందు ఓ–హెచ్ బంధం తెగి ఇథాక్సీ మిగులుతుంది. తర్వాత ఆక్సిజన్‌ను మోస్తున్న కార్బన్ నుంచి ఇంకో హైడ్రోజన్ ఊడుతుంది. అలా తయారైన ఎసిటాల్డిహైడ్ మీద రాగికి పెద్ద పట్టు లేదు, వదిలేస్తుంది. అదే ప్లాటినమైతే పట్టు ఎక్కువ. అణువును కార్బన్ మోనాక్సైడ్ దాకా విరగ్గొట్టి, దాన్ని అంటిపెట్టుకుని కూర్చుంటుంది, కొత్త అణువుకు చోటుండదు. మంచి ఉత్ప్రేరకానికి పట్టూ ఉండాలి, విడుపూ ఉండాలి. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పాల్ సబాటియే చెప్పింది ఇదే.

అల్యూమినా అంటే అల్యూమినియం ఆక్సైడ్, దాని మీద ఉండేవి అయాన్లు. ఎలక్ట్రాన్ల కొరత ఉన్న అల్యూమినియం అయాన్ ఆల్కహాల్‌లోని ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది, పక్కనున్న ఆక్సైడ్ అయాన్ చివరి కార్బన్ నుంచి ప్రోటాన్‌ను లాక్కుంటుంది. దాంతో కార్బన్–ఆక్సిజన్ బంధం తెగి నీరు, ఇథిలీన్ విడిపోతాయి.

ఏ బంధం ముందు తెగిందో ఎలా తెలుస్తుందని అడుగుతారేమో. నేను రోజూ చేసే పని అదే. 1978లో వాక్స్, మాడిక్స్ చేసిన ప్రయోగం నాకు ఇప్పటికీ ఇష్టం. మిథనాల్‌లో ఆక్సిజన్‌కు ఉన్న హైడ్రోజన్ బదులు డ్యుటీరియం, అంటే బరువైన హైడ్రోజన్, పెట్టారు. కాస్త ఆక్సిజన్ పట్టించిన రాగి స్ఫటికాన్ని చల్లబరిచి, దాని మీదికి ఆ మిథనాల్ వదిలారు. తర్వాత మెల్లగా వేడి చేస్తూ, పైకి లేచిన ప్రతి అణువునూ మాస్ స్పెక్ట్రోమీటర్‌తో తూచారు. డ్యుటీరియం నీళ్ల రూపంలో ముందే వచ్చేసింది. ఫార్మాల్డిహైడ్ మాత్రం 370 కెల్విన్ చుట్టుపక్కలకు గానీ రాలేదు. అంటే ఓ–డి బంధం ముందే తెగింది, మిగిలిన మిథాక్సీ అంతదాకా రాగి మీదే ఉండిపోయింది. ఇలాంటి పనికి చాంబర్‌లో దాదాపు ఏమీ మిగలకుండా గాలి తోడేయాలి. పీడనం టార్‌లో (టార్ అంటే పీడనాన్ని కొలిచే ఒక ప్రమాణం) పది లక్షల వంతు ఉన్నా, ఒక్క సెకనులో లోహం మీద మనం కోరని అణువులు పరుచుకుంటాయి. స్క్రీన్ మీద గీత లేచే వరకు టెన్షనే.

కొన్ని ఆక్సైడ్లయితే పాల్గొనడంలో ఇంకా ముందుకెళ్తాయి. బిస్మత్ మాలిబ్డేట్ అనే ఆక్సైడ్ మీద ప్రొపిలీన్ అక్రోలిన్ అనే ఆల్డిహైడ్‌గా మారుతుంది. వాయువులో బరువైన ఆక్సిజన్–18 పంపి చూస్తే, మొదట్లో వచ్చే అక్రోలిన్‌లో మామూలు ఆక్సిజన్–16 కనిపిస్తుంది. అది ఉత్ప్రేరకం తన స్ఫటికంలోంచి తీసి ఇచ్చిన ఆక్సిజన్. ఈ పద్ధతిని మార్స్, వాన్ క్రెవెలెన్ 1954లోనే ప్రతిపాదించారు. ఖాళీ అయిన చోటును తర్వాత వాయువులోని ఆక్సిజన్ నింపుతుంది.