పూత లేచిన నాన్‌స్టిక్ పెనం వాడొచ్చా?

పెనం మీది నల్ల పూత పెచ్చులుగా లేచి దోసెతో పాటు కడుపులోకి పోతే క్యాన్సర్ వస్తుందా అన్నది ప్రశ్న. ఆ పూత పీటీఎఫ్‌ఈ, అంటే మనం టెఫ్లాన్ అనేది. చిన్న పెచ్చు మింగినా అరగదు, అలాగే బయటికి పోతుంది. క్యాన్సర్ భయం వచ్చింది ఒకప్పుడు దాని తయారీలో వాడిన పీఎఫ్‌ఓఏ అనే రసాయనం వల్ల. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2023లో దాన్ని క్యాన్సర్ కారకమని తేల్చింది. అమెరికాలో పెద్ద కంపెనీలు 2015 కల్లా దాన్ని మానేశాయి.

నన్నడిగితే టెన్షన్ పడాల్సింది మంట గురించి. ఖాళీ పెనం పెద్ద మంట మీద పెట్టి ఫోన్‌లో పడ్డారా, కొద్ది నిమిషాల్లోనే 260 డిగ్రీలు దాటుతుంది. అక్కడినుంచి పూత పాడవుతుంది. 350 దాటితే విడిపోయి విషపు పొగ వస్తుంది. అది పీలిస్తే మనకు ఫ్లూలా చలిజ్వరం. ఇంట్లో పెంపుడు పిట్టలుంటే వాటి ప్రాణమే పోవచ్చు. ఇనప పెనంలా బాగా కాల్చి నీళ్లు చిలకరించే అలవాటు దీనికి పనికిరాదు. ముందే కాస్త నూనె వేసి, మధ్యస్థం మంట మీద, చెక్క అట్లకాడతో వాడండి. అడుగు అల్యూమినియం తేలిందా, ఇక ఎలాగూ దోసె అంటుకుంటుంది, మార్చేయండి.