ద్వీపానికి ఏడాదికి రెండుసార్లు వెళ్లినా చాలు, పార్కు మాత్రం రోజూ కావాలి

భవానీపురంలో కొత్తగా ఇల్లు తీసుకున్నామని, అత్తమామలకు డెబ్బై దాటాయని, పాపకు ఆరేళ్లని రాశారు. ఈ ఆదివారం కృష్ణా నది మధ్యలో ఉన్న భవానీ ద్వీపం వెళ్లొచ్చా, రోజూ సాయంత్రాలు వాళ్లని ఎక్కడికి తీసుకెళ్తే బాగుంటుంది అని అడిగారు. నేను ఇరవై రెండేళ్లుగా పక్కనే విద్యాధరపురంలో ఉంటున్నానండి. మా నాన్నగారికి రెండు మోకాళ్లూ ఆపరేషన్ అయ్యాక నాలుగేళ్లపాటు ఆయన్నీ, మా చిన్నాడినీ వెంటబెట్టుకుని బెజవాడలో దాదాపు అన్ని పార్కులూ తిరిగాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు ద్వీపం సంగతి. వెళ్లండి, కానీ ఈ ఎండల్లో వద్దు. బెజవాడలో మే నెల అంటే 45 డిగ్రీల దాకా వెళ్తుంది. నది మధ్య కదా, చల్లగా ఉంటుందనుకుంటాం గానీ బోటు దిగి నడిచేటప్పుడు ఎండ నెత్తి మీదే ఉంటుంది. ద్వీపం చిన్నదేమీ కాదు, 130 ఎకరాల పైమాటే. పెద్దవాళ్లతో అంతా తిరగాలని పెట్టుకోకండి. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా మంచి సమయం. పొద్దున్నే మొదటి బోట్లలో వెళ్లి, పులిహోర, పెరుగన్నం కట్టుకుపోయి, ఒక చెట్టు కింద దుప్పటి పరుచుకుని, మధ్యాహ్నం మూడింటికల్లా తిరిగొచ్చేయాలి. మేం డిసెంబరులో అలాగే వెళ్లాం. నాన్నగారు చెట్టుకు వీపు ఆనించి కూర్చుని నాలుగు గంటలసేపు నదినే చూశారు. ఆపరేషన్ తర్వాత ఆయన నోటి వెంట 'నొప్పి' అన్న మాట రాని మొదటి రోజు అదే.

బోట్లు మీ ఇంటి దగ్గర్నుంచే వెళ్తాయి, బెర్మ్ పార్కు వైపు నుంచి. అక్కడ నీళ్లు అంత నిలకడగా కనిపించడానికి కారణం ప్రకాశం బ్యారేజీ. 1957లో పూర్తయిన ఆ బ్యారేజీ నీటిని ఆపి ఉంచుతుంది, ద్వీపం దానికి ఎగువన ఉంది. అందుకే మామూలు రోజుల్లో చెరువులా ఉంటుంది. పైనుంచి వరద వస్తే మాత్రం ఆ నదే వేరేగా ఉంటుంది. బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 5.69 లక్షలకు రెండోది. అంతదాకా రాకముందే బోట్లు ఆపేస్తారు. కాబట్టి జూలై నుంచి అక్టోబరు వరకు బయల్దేరే ముందు టీవీలో గానీ, పేపర్లో గానీ బ్యారేజీకి ఎంత నీరు వస్తోందో చూడండి. శ్రీశైలం, సాగర్ గేట్లు ఎత్తారంటే ఆ వారం ద్వీపం మాట మర్చిపోండి. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు ద్వీపం మునిగిపోయింది. అలాంటి వరద తర్వాత అక్కడ ఏవి బాగున్నాయో, ఏవి మూసి ఉన్నాయో కనుక్కుని గానీ పిల్లలకు ఆశ పెట్టకండి.

లైఫ్ జాకెట్ విషయంలో మొహమాటపడొద్దు. 2017 నవంబరు 12న, కృష్ణలో గోదావరి నీళ్లు కలిసే పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయారు. కార్తీక మాసం ఆదివారం, సరదాగా బయల్దేరినవాళ్లు. ఆ రోజు సాయంత్రం మా వీధిలో ఎవరూ సరిగ్గా భోజనం చేయలేదు. పాపకు పెద్దవాళ్ల జాకెట్ వేసి బెల్టు బిగిస్తే సరిపోదు, నీళ్లలో పడితే తల మీదుగా జారిపోతుంది. పిల్లల సైజు అడగండి. లేదంటే, ఇంకో బోటు వచ్చేదాకా ఆగండి. ఎక్కాల్సినవాళ్లకంటే ఎక్కువ మంది ఎక్కారనిపిస్తే దిగిపోండి. డబ్బులు పోతే పోనీయండి.

ఇక రోజూ వెళ్లే పార్కు గురించి. నా లెక్కలో ఇదే అసలు ప్రశ్న. ఇంట్లో పెద్దవాళ్లు కోలుకునేదీ, పిల్లలు నలుగురితో కలవడం నేర్చుకునేదీ ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్న పార్కులోనే. పార్కు అనగానే మనం ఫౌంటెన్, లైట్లు, బొమ్మలు చూస్తాం. నాన్నగారు మాత్రం ముందు బెంచీలు చూసేవారు. వీపు ఆనించడానికి వెనక చెక్క ఉందా, లేచేటప్పుడు పట్టుకోవడానికి పక్కన చెయ్యి ఉందా, ఒక బెంచీకీ ఇంకో బెంచీకీ ఎన్ని అడుగులు నడవాలి అని. నాపరాయి బెంచీ కనిపిస్తే కూర్చునేముందు అరచేయి ఆనించి చూసేవారు. పగలంతా ఎండకు కాగిన రాయి సాయంత్రం ఆరున్నరకు కూడా చల్లారదు. అందుకే ఆయన భుజం మీద ఎప్పుడూ మడత పెట్టిన తువ్వాలు ఉండేది, అది పరిచి కూర్చునేవారు. రేకు జారుడుబల్లా అంతే. పాపను ఎక్కించేముందు మీ ముంజేయి దానికి ఆనించి చూడండి. వేడిగా అనిపిస్తే ఇంకో అరగంట ఉయ్యాల దగ్గరే ఆడించండి.

నడకకు టైల్స్ కంటే మట్టిబాట మేలు. మోకాళ్లకు తేడా తెలుస్తుంది. వానాకాలంలో టైల్స్ మీద నాచు పడుతుంది, పెద్దవాళ్లు జారేది అక్కడే. టాయిలెట్ ఉందా, దానికి తాళం వేసి ఉందా అన్నది మొదటి రోజే చూసుకోండి. సుగర్ ఉన్నవాళ్లకు అది లేకపోతే పార్కు ఎంత అందంగా ఉన్నా వెళ్లలేరు. మొహమాటానికి చెప్పరు, ఓపిక లేదంటారు.

మీకు దగ్గర్లో రోజూ అంటే పున్నమి ఘాట్ వైపు వెళ్లండి. 2016 కృష్ణా పుష్కరాలప్పుడు ఈ ఘాట్లను బాగు చేశారు. సాయంత్రం గాలి బాగుంటుంది. కానీ మెట్ల దాకా దిగనీయకండి, పాప చెయ్యి వదలొద్దు. బస్టాండు వైపు పని ఉన్న రోజు రాజీవ్ గాంధీ పార్కు, బందరు రోడ్డు మీద పని ఉంటే రాఘవయ్య పార్కు. స్వరాజ్ మైదానంలో 2024 జనవరిలో ప్రారంభమైన అంబేడ్కర్ స్మృతివనం సాయంత్రం లైట్లు వెలిగాక చూడాలి. 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల విగ్రహం. ఒకప్పుడు అక్కడ పుస్తకాల ఎగ్జిబిషన్ జరిగేది. దుమ్ములో నాన్నగారి వేలు పట్టుకుని తిరిగింది నాకింకా గుర్తు. గాంధీ కొండ మీద 1968లో కట్టిన 52 అడుగుల స్తూపం, అక్కడి నుంచి ఊరంతా కనిపించడం పాపకు బాగా నచ్చుతాయి. పిల్లల రైలు నడుస్తోందో లేదో మాత్రం ముందు కనుక్కుని వెళ్లండి. మా చిన్నాడు రైలు కోసమే ఎగురుకుంటూ వచ్చి, ఆగిపోయిన పెట్టెలు చూసి కొండ దిగేదాకా ఏడ్చాడు.

ఇంకొక్కటి. మా కాలనీలో ఒక చిన్న పార్కు ఉంది, పట్టుమని పదిహేను సెంట్లు ఉండదు. మొదట్లో దానికి సాయంత్రం అయిదింటికే తాళం వేసేవాళ్లు, అంటే పిల్లలు బడి నుంచి వచ్చే సమయానికి. సంబంధించిన ఆఫీసు చుట్టూ ఆరు నెలలు తిరిగాం. ఒక్కడినే వెళ్లినప్పుడు "చూద్దాం లెండి" అన్నారు. చివరికి పెద్దవాళ్లు పదకొండు మంది, ఒకరిద్దరు చేతికర్రలతో, వెళ్లి వరండాలో కూర్చున్నారు. గట్టిగా ఒక్క మాట కూడా అనలేదు. ఆ వారంలోనే తాళం చెవి కాలనీవాళ్లకు ఇచ్చారు. ఇప్పుడు రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉంటుంది. రెండు వేప మొక్కలు నాటాం, బెంచీకి వెనక చెక్క కొట్టించాం. మీ వీధిలోనూ అలాంటి పార్కు ఒకటి ఉండే ఉంటుంది. అత్తమామలతో పాటు అక్కడికి ఓ వారం వరసగా ఒకే సమయానికి వెళ్లండి, మిగతావాళ్లు వాళ్లే పలకరిస్తారు.

మా నాన్నగారు పోయి ఏడాదిన్నర అయింది. ఆ బెంచీ మీద ఇప్పుడు వేరే తాతగారు కూర్చుంటున్నారు, ఆయనా తువ్వాలు పరుచుకునే కూర్చుంటారు. దసరా వెళ్లాక, వరద తగ్గి బోట్లు మళ్లీ మొదలయ్యాక చెప్పండి. ద్వీపంలో మేం కూర్చున్న చోటు ఎటు వెళ్తే వస్తుందో వివరంగా రాస్తాను.