ట్రే తెరుచుకోని డీవీడీ డ్రైవుకు ముందు బెల్టు చూడండి

బటన్ నొక్కితే లోపల గుయ్‌మంటోంది గానీ ట్రే బయటికి రావడం లేదని, పాపాయి అన్నప్రాశన వీడియో ఉన్న డిస్కు అందులోనే చిక్కుకుందని రాశారు. కంగారు పడకండి. మోటారు తిరుగుతోంది కాబట్టి ఆశ ఉంది.

ముందు డిస్కును కాపాడుకోండి. కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసేయండి. డ్రైవు ముందు వైపు సూదిబెజ్జమంత రంధ్రం ఉంటుంది. పేపర్ క్లిప్‌ను నిటారుగా సాగదీసి అందులోకి తిన్నగా నెట్టండి. కాస్త గట్టిగా తగిలాక ట్రే కొంచెం ముందుకు జరుగుతుంది. ఆ తర్వాత వేళ్లతో మెల్లగా లాగండి.

ఇలాంటి డ్రైవుల్లో తంటా చాలావరకు ట్రేను నడిపే చిన్న రబ్బరు బెల్టుతోనే. ఏళ్లు గడిచేసరికి అది సాగిపోయి, నున్నబడి, కప్పీ మీద పట్టు లేక జారుతుంది. ముందు పలక విప్పితే, ట్రే కిందుగా బెల్టు కనిపిస్తుంది. కప్పీలను స్పిరిట్ అద్దిన దూదితో తుడవండి. బెల్టును మరిగిన నీళ్లలో కొన్ని నిమిషాలు ఉంచి, పూర్తిగా ఆరబెట్టి తొడిగితే కొన్నాళ్లు నడుస్తుంది. నేనైతే కొత్తదే వేస్తాను. చెన్నైలోనే ఉన్నారు కదా, పాత బెల్టు చేతపట్టుకుని మౌంట్ రోడ్డు దగ్గర ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌లో అడగండి.

డ్రైవే మార్చాల్సి వస్తే వెనక కేబుల్ చూసుకోండి. వెడల్పాటి పట్టీలా ఉంటే ఐడీఈ అనే పాత రకం, సన్నగా ఉంటే సాటా అనే తర్వాతి రకం. ఒకదానికి కొన్నది మరొకదానికి పట్టదు.

అన్నిటికన్నా ముందు, డిస్కు చేతికి రాగానే మరో కంప్యూటర్‌లో పెట్టి ఆ వీడియోను కాపీ చేసుకోండి. బెల్టు పని ఆదివారం చూసుకోవచ్చు.