కకురెజకి ర్యూయిచి పూలకూజాలో నీళ్లు పోయొచ్చా?

జపాన్ కుమ్మరి కకురెజకి ర్యూయిచి చేసిన, పదునైన అంచుల బిజెన్ (జపాన్‌లో ఒక మట్టిపని రకం) పూలకూజా ఫొటో పెట్టి, ‘ఇది పూలు పెట్టుకునేదా, శిల్పంలా చూసేదా? గ్లేజు, అంటే గాజులాంటి పూత, లేదు కదా, నీళ్లు కారవా?’ అని అడిగారు.

నీళ్లు పోయొచ్చు. పూలు కూడా పెట్టండి, అప్పుడే దాని రూపం తెలుస్తుంది.

ఒసాకాలో ఉన్నప్పుడు సెలవు దొరికితే ఇంబేకి వెళ్లేదాన్ని. బిజెన్ మట్టిపనికి అదే అసలు ఊరు. మన ఆవకాయ జాడీ కూడా ఇలా ఎక్కువ వేడిలో కాల్చిన గట్టి మట్టిపాత్రే (స్టోన్‌వేర్), కానీ దానికి గ్లేజు ఉంటుంది. బిజెన్‌లో పూత ఉండదు. ఎర్ర పైన్ కట్టెలతో పదిరోజులు, ఒక్కోసారి రెండు వారాలు, 1200 డిగ్రీల దాకా కాలుస్తారు. ఆ వేడికి మట్టి గట్టిపడి బిగుసుకుపోతుంది, అందుకే గ్లేజు లేకపోయినా నీళ్లు పెద్దగా కారవు. ఎగిరొచ్చిన బూడిద మంట వైపున్న ముఖం మీద పడి కరుగుతుంది, వెనకవైపు రంగు వేరు. అందుకే కూజాను తిప్పి తిప్పి చూసి ఏ ముఖం ముందుకో మీరే తేల్చుకోవాలి.

అన్ని రోజులు ఎందుకంటే, వరిపొలాల అడుగున దొరికే అక్కడి జిగురుమట్టి బాగా కుంచించుకుపోతుంది. తొందరపడి వేడిచేస్తే పగులుతుంది. పైగా ఆ మంచి మట్టి తరిగిపోతోంది. కకురెజకి 1950లో నాగసాకి ప్రాంతంలో పుట్టినవాడు, బిజెన్ కుమ్మరి కుటుంబం కాదు. బిజెన్ కుమ్మరి ఇసెజాకి జున్ దగ్గర పని నేర్చుకున్నాడు. ఇతరులు పక్కనపెట్టే మట్టిని కూడా కలిపి వాడాడు. ఆయన పనిలో నన్ను కట్టిపడేసేది ఇదే: ఆ కోణాలు, ఆ మొరటుదనం మట్టి మీద రుద్దినట్టు కాక మట్టిలోంచే వచ్చినట్టుంటాయి.

నా దగ్గరున్నది వేరే కుమ్మరి చేసిన చిన్న కూజా. కొన్నప్పుడు దుకాణంలో పెద్దావిడ, ‘వాడేముందు నీళ్లలో నానబెట్టమ్మా’ అంది. తడిస్తే ఎరుపులు, గోధుమరంగులు లేచి నిలుస్తాయి. ఒక్క కొమ్మ చాలు, నేను కమేలియా పెడతాను. గుత్తి కుక్కితే రూపమంతా దాగిపోతుంది.

మొదటి రాత్రి పళ్లెంలో పెట్టి చూడండి. అడుగున కాస్త చెమ్మ తేలితే కంగారు పడక్కర్లేదు, నాదీ మొదట్లో అలాగే చెమర్చింది. నీళ్లు నిలిచేంత కారితే మాత్రం లోపల సన్నటి గాజుగొట్టం దించి, పువ్వు అందులో పెట్టండి. వాడాక కడిగి, పూర్తిగా ఆరాకే చెక్కపెట్టెలో దాచండి, తడి ఉంటే బూజు పడుతుంది.