పాఠకుల ప్రశ్నలు: చెక్ పల్లె, సున్నపు గోడ, చేపల చెరువు

ప్రశ్న: చెక్ దేశంలోని హొలషోవిట్సె అనే పల్లె ఫొటో చూశాను. పైన ముక్కోణం, దాని మీద పూల నగిషీ ఉన్న గోడలు వరసగా వీధి వైపు తిరిగి ఉన్నాయి. మా వైపు పల్లెల్లోనూ ఇళ్లు వరసగానే ఉంటాయి కానీ ఆ రూపం లేదు. ఎందుకు?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: కప్పు తిరిగిన దిక్కే కారణం. మీ వీధి ఇళ్లలో వెన్నుదూలం వీధి వెంబడి సాగుతుంది, చూరు అరుగు మీదికి దిగుతుంది. అక్కడ వెన్నుదూలం వీధి నుంచి లోపలికి పోతుంది. అందువల్ల వీధిలోకి ఇంటి ఇరుకు వైపు, దాని మీది ముక్కోణం కనిపిస్తాయి. స్థలాలు మాత్రం రెండు చోట్లా ఒకే తీరు, వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ.

ఒక్కో రైతు వాటాలో సాధారణంగా వీధి వైపు రెండు ముక్కోణాలుంటాయి. ఒకటి నివాసం, రెండోది ధాన్యపు కొట్టు. మధ్యలో బండి పట్టే కమాను గేటు. లోపల వాకిలి, దాని పక్కన పశువుల కొట్టాలు, వెనక అడ్డంగా పెద్ద పంట కొట్టం, ఆపైన తోట, పొలం. కళ్లం కూడా ఆ కొట్టంలోనే. వానా మంచూ పడే చోట బయట నూర్చితే గింజ దక్కదు కాబట్టి, పనలు కప్పు కిందికి చేర్చి చలికాలమంతా తీరిగ్గా నూర్చేవారు.

ఊరి వీధి, వాటాల అమరిక మధ్యయుగం నాటిది. ఊరి పేరు 1263లో మొదటిసారి రాతల్లో కనిపిస్తుంది. 1292లో రాజు ఊరిని విష్షీ బ్రోద్ క్రైస్తవ మఠానికి ఇచ్చాడు. 1520–25 నడుమ ప్లేగు వచ్చి ఇద్దరే మిగిలారు. మఠం బవేరియా, ఆస్ట్రియాల నుంచి మనుషుల్ని తెచ్చి నిలిపింది, దాంతో ఊళ్లో ఎక్కువమంది జర్మన్ మాట్లాడేవాళ్లయ్యారు. మనుషులు మారినా వాటాల హద్దులు చెదరలేదు. ఫొటోలోని ముక్కోణాలు చాలావరకు 19వ శతాబ్దపు ఇటుక పని. 1848లో వెట్టి రద్దయ్యాక రైతు చేతిలో డబ్బు నిలిచింది. చర్చిల మీది నగిషీని పల్లె మేస్త్రీలు ఇళ్లకు దించారు.

1945 తర్వాత జర్మన్‌లను దేశం నుంచి పంపేశారు, ఇళ్లు ఖాళీ అయ్యాయి, కొత్త కట్టడాలు పెద్దగా రాలేదు. 1990 నుంచి బాగుచేశారు, 1998లో యునెస్కో జాబితాలో చేర్చారు. ఆ ఖాళీ కాలాన్ని దాటేసి ఊరి అందాన్ని మాత్రమే పొగిడే రాతలు మాకు నచ్చవు. పాత రూపం మిగలడానికి అదీ ఒక కారణమే మరి.

ప్రశ్న: మాది తాతల నాటి సున్నపు ఇల్లు. అడుగున పూత రాలుతోందని మేస్త్రీ మూడడుగుల ఎత్తు సిమెంటు పట్టించాడు. ఇప్పుడు చెమ్మ దాని పైకి ఎక్కి చవుడు పొంగుతోంది. అలాంటి పాత గోడల్ని చెక్ వాళ్లు ఎలా కాపాడుకుంటున్నారు?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: చెమ్మను సిమెంటే పైకి తోసింది. పునాదిలో తేమను ఆపే పొర లేని గోడ నేల నీటిని పీల్చుతుంది. సున్నపు పూత దాన్ని బయటికి ఆవిరి కానిస్తుంది, సిమెంటు కానివ్వదు. పాత కట్టడాలు బాగుచేసేవాళ్లు అక్కడ కూడా ముందు సిమెంటునే పీకేస్తారు.

చెమ్మ గీతకు పైన ఇంకో అడుగున్నర వరకు పాత పూతను ఊడగొట్టేయండి. ఇటుక సందులు అంగుళం లోతు గీకి, పొడి బ్రష్‌తో చవుడు దులిపి పారేయండి. కడిగితే ఉప్పు మళ్లీ లోపలికే పోతుంది. గోడ మొదట్లో నీళ్లు నిలవకుండా వాలు చేయండి, లేకపోతే మిగతా ఖర్చంతా దండగ. కొన్ని వారాలు ఆరనివ్వండి.

కాల్చిన సున్నపు గడ్డలను నీళ్లలో వేయాలి. గడ్డల మీద నీళ్లు పోస్తే మరిగి కళ్లలోకి చిమ్ముతుంది. కళ్లద్దాలు లేకుండా ఈ పని వద్దు. తడిపిన సున్నాన్ని కనీసం నెల రోజులు నీటి కింద మాగబెట్టండి. మాగని గింజ పూతలో తర్వాత ఉబ్బి పెచ్చు లేపుతుంది. ఒక పాలు సున్నం ముద్దకు మూడు పాళ్లు గరుకు ఇసుక. గోడ తడిపి, పొరకు అర అంగుళం మించకుండా పట్టించండి. పొరకూ పొరకూ మధ్య వారం ఆగండి, తడి గోనెపట్టా కప్పి ఎండ తగలనివ్వకండి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి గట్టిపడుతుంది, అందుకు కాస్త తేమ కావాలి. ఎండకు ఒకేసారి ఆరితే పిండై రాలుతుంది. అక్కడ ఈ పనికి మంచు అడ్డు, మీకు మే నెల, వానలు. కార్తీకం నుంచి మాఘం వరకు చేసుకోండి.

పైన వెల్ల పాలలా పల్చగా, రోజుకొకటి చొప్పున నాలుగైదు పూతలు. చిక్కగా వేస్తే పెచ్చులూడుతుంది. రంగు కావాలంటే కావి లాంటి మట్టి రంగులే కలపండి, అదీ పొడి సున్నం బరువులో పదో వంతు దాటకుండా. ప్లాస్టిక్ పెయింటు వేశారా, సిమెంటు కథ మళ్లీ మొదలు.

ప్రశ్న: హొలషోవిట్సె పల్లె నడిమధ్యన చెరువు ఎందుకు? చేపల కోసమేనా?
– ఒక పాఠకుడు, సిరోంచ

జవాబు: అలాంటి ఊరి గుంటలు నిప్పంటుకుంటే ఆర్పడానికి, పశువులకు, బాతులకు. చేపల పెంపకానికి ఆ పల్లె ఉన్న దక్షిణ బొహీమియా ప్రాంతంలో వేరే పెద్ద చెరువులున్నాయి. అక్కడి ట్రెబోన్ పట్టణం దగ్గరి రోజంబెర్క్ చెరువు 1590లో పూర్తయింది. 2002 వరదల్లో దిగువ ఊళ్ల మీదికి పోయే నీటిని అదే చాలావరకు ఆపింది.

అక్కడ పెంచేది ముఖ్యంగా మన బంగారు తీగనే. చలికి మేత మానేస్తుంది కాబట్టి అమ్మకానికి రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. మన వేడిలో మంచి మేత దొరికితే ఏడాదికే కిలో దగ్గరికి వస్తుంది. పట్టుబడి శరదృతువులో, తినేది క్రిస్మస్ ముందు రాత్రి. కట్ట లోపల నిలువు పెట్టె లాంటి తూము ఉంటుంది, దాని పలకల్ని పైనుంచి ఒక్కొక్కటే తీస్తూ నీటిని రోజుల తరబడి దింపుతారు. తొందరపడితే చేపలు పక్క గుంటల్లో చిక్కుతాయి, బురద మొప్పల్లో చేరుతుంది. నెమ్మదిగా దింపితే తూము దగ్గరి లోతు గుంటలోకి వాటంతటవే చేరతాయి. మీ చెరువుకీ ఇదే పద్ధతి పనికొస్తుంది. ముందు రోజు మేత ఆపి, ఎండ ఎక్కకముందే వల దించండి.